సంచిలో లేని సామాను



ఈ నెల హయత్‌నగర్ నుంచి ఏడో తరగతి చదివే ఒక అమ్మాయి ఇలా అడిగింది:

"మా అన్నయ్యా, అతని స్నేహితులు ముగ్గురూ తలా ఒక సంచి మూపున వేసుకుని మధ్య అమెరికా దేశాలకు వెళ్ళారు. నెలన్నర పాటు ఊరూరూ, దీవిదీవీ తిరుగుతారట. ఎక్కడ చీకటిపడితే అక్కడే పడుకుంటారట. డబ్బూ కాలమూ దండగ అంటున్నారు నాన్నగారు. అమ్మకు ఒకటే బెంగ. నాయనమ్మ అయితే 'తిరుగుబోతుతనం' అనేసింది. మాస్టారూ, అన్నయ్య చేసింది తప్పా? ఒక్క సంచితో అన్ని రోజులు ఎలా గడుస్తుంది? మనవాళ్ళెవరయినా ఇలా తిరిగారా?"

మంచి ప్రశ్నలు. వీటి కోసం ముందు చాలాదూరం పోయి, తరవాత ఆ అమ్మాయి వుండే ఊరికే తిరిగి రావాలి. పదండి.

ముందుగా అట్లాసు తెరవండి. ఉత్తర అమెరికానూ దక్షిణ అమెరికానూ కలుపుతూ, చీమ నడుములాగా సన్నని భూభాగం ఒకటి కనిపిస్తుంది. అదే మధ్య అమెరికా. అందులో ఏడు దేశాలున్నవి: గ్వాటెమాలా, బెలీజ్, హోండురాస్, ఎల్ సాల్వడార్, నికరాగువా, కోస్టారికా, పనామా. ఒక పక్క పసిఫిక్ మహాసముద్రం, రెండో పక్క కరిబియన్ సముద్రం. పనామాలో ఒకచోట ఈ రెండింటికీ మధ్య నేల వెడల్పు సుమారు 50 కిలోమీటర్లే. అంటే మన చార్మినార్ నుంచి చౌటుప్పల్ దాకా వున్నంత దూరమన్నమాట! ఆ సన్నని దేశంలోనే కాలవ తవ్వి, 1914 నుంచి ఓడలను ఒక సముద్రంలోంచి ఇంకో సముద్రంలోకి దాటిస్తున్నారు.

ఈ దేశాలలో తిరిగేవాడికి చక్రాల పెట్టె అంతగా పనికిరాదు. ఎందుకో తెలుసునా? గ్వాటెమాలాలో ఆంటిగువా అనే పాత పట్నం వున్నది. ఒకప్పుడు అది రాజధాని. 1773లో వచ్చిన భూకంపాలకు అది కూలిపోతే రాజధానిని వేరేచోటికి మార్చుకున్నారు. ఆ ఊరి వీధులు ఈనాటికీ రాళ్ళు పరిచినవే. వాటి మీద పెట్టెను లాగడమంటే, దున్నిన చేలో సైకిలు తొక్కడమే!

ఇక అక్కడి బస్సులు మరీ చిత్రం. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో బడిపిల్లలను మోసి మోసి పాతబడిన పసుపుపచ్చ బస్సులను తెచ్చి, వాటికి ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగులు పూసి, సొగసయిన పేర్లు రాసి ఊళ్ళ మధ్య నడుపుతారు. సామానంతా టాపు మీదికి ఎక్కిస్తారు.

నికరాగువాలో ఒక పెద్ద మంచినీటి సరస్సున్నది. దాని నడుమ ఓమెటెపే అనే దీవి. అక్కడి ప్రాచీన భాషలో ఆ మాటకు 'రెండు కొండలు' అని అర్థం. నిజంగానే నీటిలోంచి రెండు అగ్నిపర్వతాలు జంటగా లేచి వుంటవి. పెద్దదాని ఎత్తు 1,610 మీటర్లు. ఆ దీవికి ప్రయాణికులు పడవ మీద పోతారు. పడవ ఎక్కాలన్నా, టాపు ఎక్కాలన్నా, కొండ ఎక్కాలన్నా రెండు చేతులూ ఖాళీగా వుండాలి. అందుకే సంచి వీపు మీదికి పోయింది. ఇంగ్లీషువాళ్ళు దీనికి బ్యాక్‌ప్యాకింగ్ అని పేరు పెట్టారు. సద్దిమూట భుజాన వేసుకుని బయలుదేరిన మన తాతముత్తాతలకు ఆ పేరు తెలియదు గాని, పని తెలుసు.

ఇప్పుడు సంచి సంగతి. ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. నిండా నీళ్ళు పోసిన చెంబు ఒకటి తీసుకుని, ముందు రొమ్ముకు ఆనించి పట్టుకోండి. తరవాత అదే చెంబును చెయ్యి బారచాపి పట్టుకోండి. ఒక్క నిమిషంలో చెయ్యి వణుకుతుంది. చెంబు బరువు పెరిగిందా? లేదు. ఒంటికి దాని దూరం పెరిగింది. దూరం పెరిగినకొద్దీ అదే బరువును నిలపడానికి చెయ్యి ఎక్కువ బలం పెట్టాలి. తక్కెడలోనూ, ఏతంలోనూ వున్న సూత్రం ఇదే.

వీపు మీద సంచి కూడా అంతే. బరువు వస్తువు వీపుకు దూరంగా వుంటే అది మనిషిని వెనక్కు లాగుతుంది. పడిపోకుండా వుండటానికి మనిషి ముందుకు వంగుతాడు. ఆ వంపు భారమంతా నడుము కండరాలు మొయ్యాలి. అందుచేత బరువయిన వస్తువులను వీపుకు ఆనించి సర్దాలి, తేలికవి వెలుపలి వైపు పెట్టాలి. రెండు పట్టీలూ భుజాలకు వెయ్యాలి. పెద్ద సంచులకు నడుము పట్టీ కూడా వుంటుంది. అది భుజాల మీది బరువులో చాలా భాగాన్ని తుంటి ఎముకల మీదికి దించుతుంది. నెత్తిన బిందె పెట్టుకుని నిటారుగా నడిచే ఆడవాళ్ళను చూడండి. బరువు శరీరానికి సరిగా పైన నిలిచింది గనకనే అంత తిన్నగా నడుస్తారు.

ఇది మీ బడి సంచికి కూడా వర్తిస్తుంది సుమా! బడి సంచి బరువు పిల్లల బరువులో పదో వంతు దాటకూడదని 2020లో భారత ప్రభుత్వం వెలువరించిన విధానంలో వున్నది. అంటే 35 కిలోల పిల్లవాడి సంచి మూడున్నర కిలోలు మించరాదు. తల్లిదండ్రులు ఈ రాత్రే తూచి చూడవచ్చు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆ అన్నయ్య సంచిలో ఏమేమి వుంటవో మీరే ఊహించండి. రెండు మూడు జతల బట్టలు, ఒక తువాలు, సబ్బు, మందులు, నీళ్ళ సీసా, కాగితాలు, ఫోను. అంతేగదా! మరి ఏమేమి లేవో చెప్పండి చూద్దాం. పరుపు లేదు. పొయ్యి లేదు. బియ్యం మూట లేదు. నూతిలో నీళ్ళు లేవు. ఇంటి కప్పు లేదు. వీటిలో ఏది లేకపోయినా మనిషికి రెండు రోజులు గడవవు. మరి నెలన్నర ఎలా గడుస్తుంది?

ఎలాగంటే, ఆ సామానంతా దారి పొడుగునా ఎవరో సిద్ధం చేసి పెట్టారు. ఒకరు గది వూడ్చి పక్క పరిచారు. ఒకరు రొట్టె కాల్చారు. ఒకరు పడవ నడుపుతున్నారు. మనం మొయ్యని బరువు వాళ్ళు మోస్తున్నారు.

ఈ సంగతి తెలియాలంటే గ్వాటెమాలా దాకా పోనక్కరలేదు. హయత్‌నగర్ బస్సు దిగితే చాలు.

ఆ ఊరు హయాత్ బక్షీ బేగం పేరు మీద వెలిసింది. హయాత్ బక్షీ అంటే 'ప్రాణం పోసేది' అని అర్థం. ఆమె హైదరాబాదు కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షాకు కూతురు. తరవాతి సుల్తానుకు భార్య. ఆ తరవాతి సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షాకు తల్లి. 1626లో అబ్దుల్లా గద్దె ఎక్కేనాటికి అతనికి పన్నెండేళ్ళయినా నిండలేదు. రాజ్యం బాగోగులు తల్లి కూడా చూసుకునేది. 1656లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించినప్పుడు సంధి మాట్లాడింది కూడా ఆమే. ప్రజలు ఆమెను 'మా సాహెబా' అని పిలిచేవారు. ఇప్పుడు మనం మాసాబ్ ట్యాంక్ అంటున్నామే, ఆ పేరు మా సాహెబా చెరువు అన్న మాట నుంచి వచ్చిందే! ఆమె 1667లో కన్నుమూసింది.

హయత్‌నగర్‌లో ఆమె పేర మసీదు వున్నది. దాని చుట్టూ కమానులతో వరసగా గదులు కనిపిస్తవి. అదే సరాయి, అంటే బాటసారులు దిగే సత్రం. దగ్గరలోనే పెద్ద బావి వున్నది. దాన్ని హాథీ బావిలీ, అంటే ఏనుగు బావి, అంటారు. మసీదు, సరాయి, బావి మూడూ ఒకేచోట ఎందుకున్నవి? ఆ దారిన పోయేవాడికి ప్రార్థనకు చోటు, పడుకోను చోటు, తాగను నీరు, మూడూ కావాలి గనక.

ఆ దారి సామాన్యమయినది కాదు. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు పోయే దారి అది. బందరు నుంచి బట్టలూ, గోల్కొండ నుంచి వజ్రాలూ దేశదేశాలకు పోయేవి. పారశీకం నుంచీ, ఐరోపా నుంచీ ఓడలలో వచ్చిన వర్తకులు ఈ దారినే రాజధానికి వచ్చేవారు. ఈనాటి 65వ నంబరు జాతీయ రహదారి కూడా హైదరాబాదు నుంచి హయత్‌నగర్ మీదుగానే మచిలీపట్నం పోతుంది.

ఫ్రాన్సు దేశపు వజ్రాల వర్తకుడు టావెర్నియే 17వ శతాబ్దంలో ఆ దారిన ప్రయాణం చేశాడు. అతని యాత్రాగ్రంథం 1676లో అచ్చయింది. గోల్కొండ నుంచి మచిలీపట్నం పోయే దారిలో 'టెనారా' అనే మజిలీని అతను వర్ణించాడు. అది మన హయత్‌నగరే అయివుంటుందని చరిత్ర చదివినవాళ్ళు అంటారు. అతను చెప్పినది వినండి.

అక్కడ నాలుగు పెద్ద భవనాలు, ఒక్కొక్కదానికీ ఒక పెద్ద తోట. అన్నింటికన్నా అందమయినది రాణిగారికి ప్రత్యేకం. ఆమె లేనప్పుడు ఎవరయినా లోపలికి పోయి చూడవచ్చు, ఆమె తోటలో తిరగవచ్చు. ఆ భవనం ముందు విశాలమయిన చౌకు. దానికి పెద్ద వాకిళ్ళు. వాకిళ్ళ పక్క కమానులు కట్టిన ఎత్తు అరుగుల మీద హోదా గల బాటసారులు దిగేవారు. వాకిళ్ళ పైన ఆడవాళ్ళకు వేరే గదులు. చౌకు చుట్టూ చిన్న చిన్న గదులు, అవి పేద బాటసారులకు. సాయంత్రం కాగానే ఆ పేదవారికి రొట్టెగాని, అన్నంగాని, వండిన కూరగాని ఇచ్చేవారు. ఇతరులు వండినది ముట్టని హిందువులు వుంటారు గదా! వాళ్ళకు పిండీ, కొంచెం వెన్నా విడిగా ఇచ్చేవారు, తమ రొట్టె తామే కాల్చుకునేందుకు.

ఈ చివరి మాట మళ్ళీ ఒకసారి చదవండి. అన్నం పెట్టడం ఒక ఎత్తు. వచ్చినవాడి ఆచారం ఏమిటో తెలుసుకుని, అతని మనసు నొప్పించకుండా పెట్టడం ఇంకో ఎత్తు. 'మేము పెట్టింది తింటే తిను, లేకపోతే పో' అని అక్కడ ఎవరూ అనలేదు. ఆ పిండి చేటలో మర్యాద కూడా కలిసివుంది. ఆనాటి పేద బాటసారి భుజాన మూట తేలికగా వున్నదంటే, హయత్‌నగర్ దాని బరువు పంచుకున్నది గనకనే.

సరాయిలు కట్టినది రాజులే అనుకోకండి. మన పల్లెలలో సత్రాలుండేవి. డబ్బు తీసుకుని భోజనం పెట్టే పూటకూళ్ళ ఇళ్ళుండేవి. ఎండాకాలం చలివేంద్రంలో కుండనీళ్ళు పోసేవారు. మూట దించుకోవడానికి దారి పక్క రాతి చప్టాలు కట్టేవారు. ఇవన్నీ ఎవరికోసం? రేపు తాము మళ్ళీ చూడబోని మనుషుల కోసం!

"మనవాళ్ళెవరయినా తిరిగారా?" అన్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెబుతాను. ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేశారు. అంటే ఒక భాషలో చెప్పినదాన్ని ఇంకో భాషలోకి మార్చి చెప్పే ఉద్యోగం. ఆయన 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చారు. కడప, కర్నూలు, హైదరాబాదు, నాగపూరుల మీదుగా పోయి, కలకత్తా చూసి, సముద్రతీరపు జిల్లాల మీదుగా ఇల్లు చేరారు. ఆయన సంచి తేలిక కాదు లెండి. పల్లకీ, బోయీలు, వెంట నూరుమంది దాకా పరివారం! కాని ఆయన ఒక గొప్ప పని చేశారు. ఏ మజిలీలో నీళ్ళు దొరుకుతవి, ఎక్కడ అంగళ్ళున్నవి, ఏ దారి మంచిది, ఏ ఏరు దాటడం కష్టం, ఎక్కడి మనుషులు ఎలాంటివాళ్ళు, ఇవన్నీ ఏనాటికి ఆనాడు రాసి తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెగారికి పంపేవారు. ఆ మిత్రుడు వాటిని 1838లో 'కాశీయాత్ర చరిత్ర' అనే పుస్తకంగా అచ్చు వేయించారు. తరవాత పోయేవాడు ఇబ్బంది పడకూడదన్న ఆలోచన ఆ పుస్తకం నిండా కనిపిస్తుంది.

మన కాలంలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్యులుగా పనిచేసిన మాచవరపు ఆదినారాయణగారు కాలినడకన దేశమంతా తిరిగి 'భ్రమణకాంక్ష' అనే పుస్తకం రాశారు. అంటే, మనవాళ్ళు తిరిగారు, తిరిగినది రాసి పెట్టారు కూడా.

బాటసారి దారిలో తిన్న అన్నానికి డబ్బు ఇచ్చినా, పూర్తిగా తీరని బాకీ ఒకటి మిగులుతుంది. అది తీర్చడానికి మార్గం అన్నం పెట్టినవాడికి తిరిగి పెట్టడం ఒక్కటే కాదు. తరవాత వచ్చేవాడికి ఉపకారం చెయ్యడం కూడా. వీరాస్వామయ్యగారు చేసింది అదే.

ఆ అన్నయ్య దీవులకు కూడా వెళతాడన్నారు. దీవుల సంగతి ఒక మాట చెప్పాలి. పనామా తీరాన గూనా అనే జాతివారికి మూడువందలకు పైగా చిన్న దీవులున్నవి. పోయి చూసేవాడికి అవి కొబ్బరిచెట్లూ తెల్లని ఇసుకా. అక్కడ కాపురముండేవాడికో? సముద్రమట్టం పెరుగుతున్నది. గార్డీ సుగ్దుబ్ అనే దీవి నుంచి 2024 జూన్‌లో సుమారు 300 కుటుంబాలకు ప్రధాన భూభాగం మీద కొత్త ఇళ్ళు ఇచ్చారు. తాతల నాటి ఇళ్ళు వదిలి వాళ్ళు నేలమీదికి వచ్చారు.

మనకూ ఇది కొత్త కాదు. హయత్‌నగర్ దారినే బందరు దాకా పోతే, దాని దాపునే కృష్ణానది పాయల మధ్య దివిసీమ వున్నది. దివి అంటే దీవి. నది నడుమ ఊళ్ళను మనం లంకలంటాము. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి దివిసీమలో వేలాదిమందిని పొట్టన పెట్టుకున్నది. దీవికి చుట్టంగా పోయేవాడు ఇది గుర్తుంచుకోవాలి. చిన్న దీవిలో మంచినీళ్ళు బంగారం. చెత్త పారెయ్యడానికి చోటుండదు. మనం రెండు బిందెలు దుబారా చేస్తే ఆ ఇంటివాళ్ళకు రెండు బిందెలు తక్కువవుతవి. సంచిలో తీసుకుపోయిన చెత్తను సంచిలోనే తిరిగి తేవడం బాటసారి ధర్మం.

ఇక తల్లిదండ్రులతో రెండు మాటలు. అమ్మ బెంగపడటం తప్పు కాదు. అయితే బెంగను వద్దనడానికి వాడకుండా, జాగ్రత్తలు చెప్పడానికి వాడండి. ఏ రోజు ఏ ఊళ్ళో వుంటారో రాసిన కాగితం ఇంట్లో ఒకటి వుండాలి. పాస్‌పోర్టు నకలు ఇంట్లో వుండాలి. ఏ రోజున ఫోను చేస్తారో ముందే అనుకోవాలి. పనామా లాంటి దేశాలకు పోయేవాళ్ళు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని, ఆ పత్రం దగ్గర వుంచుకోవాలి. తిరిగి మన దేశంలో దిగినప్పుడు అడుగుతారు.

స్నేహితులు నలుగురూ మూడు నియమాలు పెట్టుకోవాలి. అందరిలోకీ మెల్లగా నడిచేవాడి నడకే అందరి నడక. ఉమ్మడి ఖర్చు ఏ రోజుది ఆ రోజే రాసుకోవాలి. చీకటిపడ్డాక ఎవరూ ఒంటరిగా విడిపోకూడదు. ఇవి పాటించే నలుగురు తిరిగి వచ్చేసరికి, ఇంట్లో పదేళ్ళు చెప్పినా రాని ఓర్పు నేర్చుకుంటారు. ఆ లెక్కన చూస్తే నాన్నగారి డబ్బు దండగ కాదు.

అమ్మాయీ, మీ నాయనమ్మ మాటకు కూడా జవాబు చెప్పాలి గదా! తిన్న ఊరినీ, పడుకున్న ఇంటినీ మరిచిపోయి తిరిగేవాడే తిరుగుబోతు. ఎవరెవరు తన బరువు మోశారో గుర్తుపెట్టుకుని, తన వంతు కూడా మోసేవాడు యాత్రికుడు. మీ అన్నయ్య ఏ రకమో అతను తిరిగి వచ్చాక నువ్వే కనిపెట్టు. "ఏమేమి చూశావు?" అని అడగకు. "ఎవరెవరు అన్నం పెట్టారు? వాళ్ళ పేర్లేమిటి?" అని అడుగు. పేర్లు చెప్పగలిగితే నాయనమ్మను పిలిచి వినిపించు.

మిగతా పిల్లలందరికీ ఈ నెల పని ఇది. హయత్‌నగర్ దాపున వుండేవాళ్ళు పెద్దవాళ్ళతో కలిసి, అక్కడివారి అనుమతి తీసుకుని సరాయి కమానులు లెక్కపెట్టి రండి. గోడల మీద పేర్లు గీయకండి. దూరాన వున్నవాళ్ళు మీ ఊళ్ళో పాత సత్రంగాని, దారి పక్క బావిగాని, రాతి చప్టాగాని ఎక్కడున్నదో వెతికి, దాన్ని కట్టించినదెవరో పెద్దలను అడిగి రాసుకోండి. వచ్చే ఎండాకాలం మీ వాకిట్లో ఒక కుండ నీళ్ళు పెట్టండి. దానికి మూతా, ఒక గ్లాసూ మరిచిపోకండి.